షిఫ్ట్ పదకొండు

ఆ ఆదివారం పొద్దున నెల్సన్ అర గ్లాసు టీ తప్ప ఇంకేమీ తీసుకోలేదు. ముందురోజు రాత్రి కూడా ఒక్క చపాతీతో సరిపెట్టాడు. ఆకలి లేక కాదు. పదకొండు గంటలకు చాంపియన్ రీఫ్స్ వాడలో షిఫ్ట్ తినాలి కాబట్టి కడుపులో చోటు ఉంచుకున్నాడు.

షిఫ్ట్ అనేది ఒక తిండి పేరు. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ దాటి బంగారుపేట దాకా వెళ్లి అడిగినా ఎవరికీ అర్థం కాదు. గనులు నడిచిన రోజుల్లో రాత్రి డ్యూటీ దిగినవాళ్లు ఇంటికి పోయి, ఒళ్లు కడుక్కుని, కాసేపు నడుం వాల్చి లేచేసరికి పొద్దు బాగా ఎక్కేది. టిఫిన్ వేళ దాటిపోయేది, భోజనం వేళ అయ్యేది కాదు. ఆ మధ్య వేళకు గంగులమ్మ అనే ఆవిడ తన మిలిటరీ హోటల్లో ఒక ప్లేటు పెట్టింది. మిలిటరీ హోటల్ అంటే ఈ పక్క మాంసం వండే హోటల్ అనే అర్థం, సైన్యంతో దానికేమీ సంబంధం లేదు. ముందు రెండు ఇడ్లీలు, మేక కాళ్ల పాయా. అవి అయ్యీ కాకముందే ఒక గరిటె కుస్కా, అంటే ముక్కల్లేని బిర్యానీ అన్నం, దాని మీద ఉడికిన గుడ్డు. చివర్న చిక్కటి కాఫీ. ఆవిడ దీనికి పేరు పెట్టలేదు. షిఫ్ట్ దిగినవాళ్లు తినేది గనుక అది షిఫ్ట్ అయింది, అది దొరికే చోటు షిఫ్ట్ హోటల్ అయింది. గనులు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. సైరన్ ఆగిపోయింది. గంగులమ్మ కూడా పోయింది. కొడుకు మూర్తి ఆదివారాలు మాత్రం షిఫ్ట్ పెడుతున్నాడు.

నెల్సన్‌కు యాభై తొమ్మిదేళ్లు. గనిలో సొరంగం పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిలో కుర్రతనంలోనే చేరాడు. గని మూసేసినప్పుడు ముప్పై అయిదు. ఆ తర్వాత నాలుగైదు పనులు మారి, ఇప్పుడు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా ఉన్నాడు. కేజీఎఫ్‌లోని కోరమండల్ స్టేషన్‌లో చీకటి ఉండగా రైలెక్కి, చీకటి పడ్డాక దిగుతాడు. సొంత ఊరిని వెలుతురులో చూసేది ఆదివారాలే. గడిచిన మూడు ఆదివారాలు ఆ భాగ్యమూ లేదు. తోటి గార్డు ఒకడు తిరుపతి పోయి తిరిగి రాలేదు. వాడి డ్యూటీ కూడా నెల్సన్ నెత్తినే పడింది. ఆ మూడు వారాల్లో ఊళ్లో ఏం మారిందో అతనికి తెలియదు.

షిఫ్ట్ మీద ఇష్టం నిజమే. కానీ ఆ ఆదివారం అసలు పని వేరే ఉంది. అక్కతో మాట్లాడాలి.

అక్క పేరు మోనికా. ఇద్దరికీ మాటలు లేక నాలుగేళ్లు. గొడవ కూడా తిండి దగ్గరే మొదలైంది. అమ్మ చనిపోయిన నలభయ్యో రోజు ప్రార్థన పెట్టి, వచ్చినవాళ్లకు భోజనాలు పెట్టారు. వంట బాధ్యత నెల్సన్‌ది. షిఫ్ట్ హోటల్లో చెప్పమని మోనికా అన్నది, అమ్మకు ఆ చేతి వంట అలవాటని. నెల్సన్ బంగారుపేట నుంచి ఒక వంట కాంట్రాక్టరును మాట్లాడాడు. పంక్తి సగంలో ఉండగా బిర్యానీ అయిపోయింది. వెనక కూర్చున్న ముప్పై మంది అన్నం, ఊరగాయ తిని లేచాక నెల్సన్ ఇంకో గిన్నె బిర్యానీ తెప్పించాడు. అందరి ముందరా మోనికా, అమ్మ పేరు చెప్పి జనాన్ని పస్తు పంపించినావని అన్నది. నీ మందిరం జనాన్ని ముప్పై మందిని చెప్పకుండా వెంటేసుకుని రమ్మని ఎవరన్నారు అని నెల్సన్ అడిగాడు. మోనికా అప్పటికే పాత తెలుగు చర్చి వదిలి వేరే ప్రార్థన మందిరానికి పోతోంది. మాట పెరిగింది. ఆ సాయంత్రమే నెల్సన్ ఆమె నంబరు ఫోన్లోంచి తీసేశాడు. ఆమె అతని గడప తొక్కలేదు, అతను ఆమె గడప తొక్కలేదు.

ఇప్పుడు మోనికా కూతురు జూలియాకు పెళ్లి కుదిరింది. జూలియాకు తండ్రి లేడు. పెళ్లినాడు చర్చి గుమ్మం నుంచి పాస్టర్ ముందు దాకా పెళ్లికూతురి చేయి పట్టుకుని నడిపించేది ఎవరన్నది తేలాలి. మేనమామ నెల్సన్ ఉన్నాడు. కాదంటే జూలియా పెదనాన్న సెబాస్టియన్ ఉన్నాడు. నెల్సన్‌కు పిల్లలు లేరు. ఆ నడక నడిచే అవకాశం అతనికి మళ్లీ రాదు.

నెల్సన్ భార్య మార్గరెట్ ఈ నాలుగేళ్లూ ఆడబిడ్డతో చాటుగా ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. మధ్యవర్తిత్వం ఆమెదే. ఇంటికి రమ్మంటే ఇద్దరూ రారు కాబట్టి హోటల్ అనుకున్నారు. మోనికా చెప్పి పంపిన మాట చిన్నది. ఆదివారం పదకొండుకు షిఫ్ట్ హోటల్‌కు వస్తే వాడే నడిపిస్తాడు. రాకపోతే సెబాస్టియన్ బావను అడుగుతాను. ఇంగ నేను పిలవను.

గురువారం రాత్రి నెల్సన్ ట్రంకు పెట్టెలోంచి తన పెళ్లి కోటు తీసి వేసుకున్నాడు. గుండీ పట్టలేదు. మార్గరెట్ లోపలి కుట్టు విప్పి, ఉన్న గుడ్డంతా వదిలింది. పొట్ట లోపలికి పీలిస్తే గుండీ పట్టింది.

ఆదివారం చర్చిలో కోత పండుగ. మార్గరెట్ పాటల బృందంలో ఉంది, తొమ్మిదికే వెళ్లిపోయింది. కోత పండుగ ఆరాధన త్వరగా ముగిసేది కాదు. అయ్యాక గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు వేలం వేస్తారు. ఒక్క గుమ్మడికాయ కోసం రెండు కుటుంబాలు పంతానికి పడితే అందరూ నిలబడి చూడాల్సిందే. అందుకే పోయేముందు ఆమె భర్తకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఫోను సంచిలో ఉంటుంది, తీయడం కుదరదు, అక్కతో గొడవ పెట్టుకోవద్దు, ఆమె రెండు మాటలన్నా ఊరుకో.

నెల్సన్ పదిన్నరకే చాంపియన్ రీఫ్స్ చేరాడు. హోటల్ షట్టర్ వేసి ఉంది. రెండు పక్కలా తాళాలు. షట్టర్ మీద ఎర్ర రంగుతో, ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంత పెద్దగా రాసి ఉంది: షిఫ్ట్ 11. కింద ఒక ఫోన్ నంబరు. 11 పక్కనంతా ఒక కన్నీటి అంజలి పోస్టర్ అంటించి ఉంది. పోయిన మనిషి మెడలో బంగారు గొలుసుతో, పువ్వుల మధ్య నవ్వుతున్నాడు. ఎవరన్నా పోతే ఇలాంటి పోస్టర్లు కేజీఎఫ్‌లో ప్రతి గోడకూ పడతాయి.

ఆ నవ్వుతున్న మనిషి వెనకాల ఉన్న మిగతా అక్షరాలు ఇవి: క్రాస్, రాబర్ట్‌సన్‌పేట. మూర్తి మూడు వారాల కిందట హోటల్‌ను రాబర్ట్‌సన్‌పేట పదకొండో క్రాస్‌కు, అంటే పదకొండో అడ్డవీధికి, మార్చేశాడు. కొత్త చోట అద్దాల తలుపు, ఏసీ పెట్టించాడు. మార్గరెట్‌కు ఆ సంగతి తెలుసు, భర్తకూ తెలుసనే అనుకుంది. వేరే ఏ ఊరివాడైనా మూసిన షట్టర్ మీద షిఫ్ట్ అని చూస్తే కొట్టు ఎక్కడికో మారిందనుకుంటాడు. నెల్సన్‌కు ఆ మాటకు రెండే అర్థాలు తెలుసు. ఒకటి గని డ్యూటీ, రెండోది ఇడ్లీ పాయా. షిఫ్ట్ పదకొండుకు మొదలవుతుందని చదువుకున్నాడు. అక్క చెప్పిన వేళకు సరిపోయింది కూడా. ఇదివరకు తొమ్మిదిన్నరకే తీసేవాడు, మూర్తికి బద్ధకం పెరిగిందని మనసులో తిట్టుకుని, ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చున్నాడు.

అరుగు కొసన మునివెంకటమ్మ ఆకుకూరలు పరుచుకుని ఉంది. పక్క పల్లె నుంచి ఆదివారం ఆదివారం వస్తుంది. కాసేపు అతన్ని చూసి, ఎవరి కోసం అని అడిగింది. నెల్సన్‌కు ఒళ్లు మండింది. అక్కాతమ్ముళ్ల గొడవ గని ఇళ్ల లైనులో అందరికీ తెలుసు. రాజీకి వచ్చి కూర్చున్నాడని, పైగా ముందుగానే వచ్చి కాచుకున్నాడని తెలిస్తే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది.

"ఎవురి కోసరమూ కాదు. నీ కట్టలు నువ్వు చూసుకోమ్మా."

"చూసుకుంటా అప్పా. నా కట్టలు యాడికీ పోవు," అని ఆమె తోటకూర మీద నీళ్లు చల్లుకుంది. మళ్లీ అతని వైపు చూడలేదు.

హోటల్ ఎక్కడికి మారిందో, ఎప్పుడు మారిందో, సామాన్లు ఎన్ని లారీల్లో పోయాయో అన్నీ చెప్పగలిగిన మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే.

పదకొండయింది. షట్టర్ తీయలేదు. పదకొండుంబావు అయింది. మోనికా రాలేదు. నెల్సన్ లేచి షట్టర్ దగ్గరికి పోయి చెవి పెట్టి విన్నాడు. లోపల చప్పుడు లేదు. పాయా వాసన కూడా లేదు. షిఫ్ట్ రోజున ఆ వాసన వీధి మొదట్లోనే తగలాలి. వెనక పక్కకు తిరిగి చూశాడు. ఎప్పుడూ తోమడానికి వేసి ఉండే పెద్ద డేగిసాలు లేవు. వాటి చోట ఒక మేక పడుకుని ఉంది. అది అతన్ని చూసి లేవను కూడా లేవలేదు.

ముందుకు వచ్చి షట్టర్ మీది నంబరుకు ఫోన్ చేశాడు. మూర్తి కూతురు రక్షిత ఎత్తింది. వెనకాల గిన్నెల చప్పుడు, మనుషుల గోల వినిపిస్తున్నాయి.

"అమ్మా, షిఫ్ట్ ఉండాదా?"

"షిఫ్ట్ అయిపోయిందంకుల్."

"అయిపోయిందా? అప్పుడేనా?"

"ఔనంకుల్. పదకొండుకి షిఫ్ట్ అయిపోయింది. రండి, పన్నెండున్నర దాకా ఉంటాం."

నెల్సన్ ఫోను చెవి నుంచి తీసి ఒకసారి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. అయిపోయిన తిండికి రమ్మని పిలవడం అతను ఎక్కడా వినలేదు.

"నేను ఈడనే ఉండాను కదమ్మా, షట్టర్ ముందర. ఫస్ట్ షట్టర్ తీయమని మీ నాయనకు చెప్పు."

"షట్టర్ తీసే ఉండాదంకుల్," అన్నది రక్షిత.

నెల్సన్ షట్టర్ వైపు చూశాడు. రెండు తాళాలూ ఉన్నాయి. పోస్టర్‌లో మనిషి నవ్వుతున్నాడు. ఇంకేదో అడగబోయేలోపల రక్షిత ఎవరితోనో టేబుల్ ఆరు అని కన్నడంలో అరిచి ఫోన్ పెట్టేసింది. తిరిగి చేస్తే బిజీ వచ్చింది. మళ్లీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

అతనికి అర్థమైంది ఇంతే. పదకొండుకు మొదలవ్వాల్సిన షిఫ్ట్ పదకొండుకే అయిపోయింది. తను ముందే వచ్చి కూర్చున్నా ఎవరూ లోపలికి పిలవలేదు. తనను వెర్రివాణ్ని చేస్తున్నారు. అక్క రాలేదు. రాకూడదనే ఇక్కడికి రమ్మన్నదేమో. తను వచ్చి, కాచుకుని, ఆకలితో వెనక్కి పోయాడని తెలుసుకోవడానికే ఇదంతా పెట్టిందేమో. ఆ నలభయ్యో రోజు పస్తు లేచిన ముప్పై మంది లెక్క ఇప్పుడు తీర్చుకుంటోందేమో. ఖాళీ కడుపుతో ఆలోచిస్తే ఆలోచనలు ఇలాగే పోతాయి.

అక్కకు ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. మార్గరెట్‌కు చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. చర్చిలో ఆ వేళ గుమ్మడికాయ వేలంపాట నడుస్తోంది. ఆమె సంచి పాటల బృందం బెంచీ కింద ఉంది. అదే సమయంలో మోనికా కూడా ఆమెకే చేస్తోందన్న సంగతి తర్వాత తెలిసింది.

పన్నెండు దగ్గరపడ్డాక ఇంటికి పోదామని లేచాడు. మునివెంకటమ్మ మిగిలిన కట్టలు గోనెలో సర్దుకుంటోంది. పోతూ పోతూ ఊరికే పోలేక, ఈ మూర్తికి కొమ్ములొచ్చినాయి, ముందర కూర్చున్న మనిషికి కూడు లేదంటాడు అని గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"మూర్తి ఈడ యాడుండాడప్పా?" అన్నది ఆమె.

"షిఫ్ట్ పదకొండు అని రాసుకోలేదా?"

"ఏం రాసుకున్నాడో నాకు గొత్తిల్ల, నాకు చదువు రాదు. వాళ్లు అంగడి ఎత్తుకుని పేటకు పోయి మూడు వారాలాయె. పదకొండో క్రాసు. నువ్వు ఎవురి కోసరమూ కాదంటివి కదా, నేనేల చెప్పేది?"

నెల్సన్ షట్టర్ దగ్గరికి పోయి పోస్టర్ ఒక మూల పట్టుకుని లాగాడు. పోయిన మనిషి భుజం దాకా చిరిగింది. వెనకాల సి, ఆర్ అన్న రెండు అక్షరాలు బయటపడ్డాయి. అవి చాలు.

"సచ్చినోళ్ల పటం చింపకూడదప్పా," అన్నది మునివెంకటమ్మ.

అక్కడి నుంచి రాబర్ట్‌సన్‌పేటకు దూరం ఎక్కువ లేదు. కానీ షేర్ ఆటో నిండితే గాని కదలదు. అతను ఎక్కేసరికి అతనితో కలిపి ముగ్గురే ఉన్నారు. పోనియ్యప్పా అర్జెంటు అంటే, అర్జెంటు అయితే బస్సులో పో అన్నాడు ఆటో అతను. బస్సు లేదని ఇద్దరికీ తెలుసు. నాలుగో మనిషి రెండు కోళ్లతో వచ్చింది. కోత పండుగ వేలంలో పాడుకుని తెస్తోందట. అయిదో మనిషి ఎక్కి, పర్సు మరిచిపోయానని దిగి, మళ్లీ వచ్చాడు. ఒక కోడి దారి పొడుగునా నెల్సన్ బూటు మీద కూర్చుంది.

పదకొండో క్రాస్‌లో మొదట అద్దాల తలుపు దాటుకుని ముందుకు పోయాడు. అది బ్యాంకేమో అనుకున్నాడు. వెనక్కి తిరిగాక పైన బోర్డు చూశాడు. గంగులమ్మ ఫొటో చిన్నగా ఒక మూలకు ఉంది. మిగతా బోర్డంతా సండే బ్రంచ్ అని. ఇడ్లీ, పాయా, కుస్కా, గుడ్డు, కాఫీ బొమ్మలు వరసగా వేశారు. షిఫ్ట్ అన్న మాట ఎక్కడా లేదు.

లోపల చల్లగా ఉంది. మోనికా గోడ పక్క టేబుల్ దగ్గర, తలుపుకు వీపు పెట్టి కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడింది. ఆమె ముందు తిన్న ప్లేటు ఒకటి, ఎదురుగా ఖాళీ కుర్చీ ముందర ఇంకో ప్లేటు. దాని మీద మరో ప్లేటు బోర్లించి ఉంది. నెల్సన్ పోయి ఆ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గోడ గడియారంలో పన్నెండూ ఇరవై.

"వచ్చినావా," అన్నది మోనికా.

"వచ్చినా."

"ఆ పొద్దూ ఇంతే. జనం లేచినాక తెచ్చినావు కూడు."

మార్గరెట్ చెప్పింది గుర్తు పెట్టుకుని నెల్సన్ దానికి బదులివ్వలేదు. పదిన్నర నుంచి పాత హోటల్ ముందు కూర్చున్నానని, షట్టర్ మీద షిఫ్ట్ పదకొండు అని ఉందని, ఫోన్ చేస్తే అయిపోయిందన్నారని, షట్టర్ తెరిచే ఉందన్నారని వరసగా చెప్పాడు. చెబుతుంటే తనకే అది నమ్మదగ్గ కథలా వినిపించలేదు. మేక సంగతి మానేశాడు. మోనికా మొత్తం విన్నది. నవ్వలేదు.

"గని మూసి ఇన్నేండ్లాయె. నీకింకా షిఫ్ట్ అంటే సైరనేనా?"

"నువ్వేం చెప్పి పంపినావు? షిఫ్ట్ హోటల్ అనే కదా. పేటలో ఉండాది, బ్రంచ్ అని పేరు మార్చినారు అని చెప్పుంటే నేను రానా?"

"ఊరంతటికీ తెలుసు. నీకు తెలీదని నాకెట్ల తెలుసు?"

"నేను మూడు వారాలు డ్యూటీలో ఉండాను."

"అది నాకెవరు చెప్పినారు? నువ్వు చెప్పినావా?"

నెల్సన్ బోర్లించిన ప్లేటు తీశాడు. ఇడ్లీలు గట్టిపడ్డాయి. పాయా మీద కొవ్వు తెల్లగా పేరుకుంది. కుస్కా ముద్దయింది. సర్వర్ రెండుసార్లు తీసేస్తానని వచ్చాడట. ఆర్డరు చేసింది ఎందుకు తీస్తావని మోనికా పంపించేసిందట. నెల్సన్ ఒక ఇడ్లీ తుంచి, కొవ్వు పక్కకు నెట్టి అద్దుకున్నాడు.

"జూలియాకు ఏ రంగు గౌను?" అని అడిగాడు. తెల్లదే అని అతనికీ తెలుసు. ఎక్కడో మొదలుపెట్టాలి.

మోనికా కాసేపు అతను తినడం చూసింది. తర్వాత చెప్పింది.

"సెబాస్టియన్ బావకు ఫోన్ చేసేసినా."

నెల్సన్ చేయి ఆగింది. "ఎప్పుడు?"

"పన్నెండుకి."

"ఇరవై నిమిషాలు ఆగలేకపోతివా?"

"నాలుగేండ్లు ఆగినా రా."

వెనక టేబుల్ దగ్గర ఎవరో బిల్లు అడిగారు. రక్షిత కౌంటర్ వెనక నుంచి వీళ్ల వైపు చూసి తల తిప్పుకుంది. ఫోన్ చేసిన అంకుల్ ఎవరో ఆ పిల్లకు అప్పటికి అర్థమై ఉంటుంది.

"మళ్లీ చెయ్యి. నేను వచ్చినానని చెప్పు," అన్నాడు నెల్సన్.

"ఆయన సరే అన్నాడు. దేవుడి కృప అని ఏడ్చినాడు. కోటు రేపే ఇస్త్రీకి ఇస్తానన్నాడు. ఇప్పుడు వద్దని ఏ నోటితో చెప్పేది?"

నెల్సన్ తన కోటు గురించి ఏమీ చెప్పలేదు. రెండో ఇడ్లీ కూడా తిన్నాడు. మోనికా తప్పు లేదు, తన తప్పు అంతకంటే లేదు. మూర్తి కొట్టు మార్చుకున్నాడు, అది నేరం కాదు. పోస్టర్ అంటించినవాళ్లకు చోటు కావాలి. మునివెంకటమ్మను నోరు మూయించింది తనే. కోపం ఎవరి మీద పెట్టాలో తేలలేదు. చల్లారిన కుస్కా రెండు ముద్దలు తిన్నాడు. నీళ్లు తాగాడు.

"అయితే నేనెందుకు పెండ్లికి? ఫోటోకా?" అన్నాడు చివరికి.

"వంట నువ్వు చూసుకో."

అతను తలెత్తాడు. ఆమె హాస్యమాడుతోందేమో అని చూశాడు. మోనికా హాస్యమాడే మనిషి కాదు.

"నడిచేది ఆయన. నేను గంటె పట్టుకుని నిలబడాల్నా?"

"నిలబడు. ఆ పొద్దు నువ్వు గేటు కాడ నిలబడి దండాలు పెడతా ఉంటివి. గంటె కాడ ఎవురూ లేరు. అందుకే తక్కువాయె."

"నీ ముప్పై మంది వల్ల తక్కువాయె."

"సరే. ఈసారి కూడా మా మందిరం వాళ్లు వస్తారు. ముందే చెప్తా ఉండా. తక్కువైతే ఇంగ నన్ననేదానికి లేదు."

నెల్సన్ కుర్చీ వెనక్కి జరిపాడు. ఒక నిమిషం లేచి వెళ్లిపోతాడేమో అనిపించింది. ఆమెకు కూడా అదే అనిపించి ఉండాలి, సంచి దగ్గరికి లాక్కుంది. అతను జేబులు తడుముకుని, ఏదో గుర్తొచ్చినవాడిలా మళ్లీ కూర్చుని గుడ్డు తిన్నాడు. ఎన్ని గంటలకు భోజనాలు అని అడిగాడు. ఆరాధన తొమ్మిదికి, అయ్యేసరికి పదకొండు అన్నది మోనికా. పెళ్లికొడుకు తరఫువాళ్లు కోలారు నుంచి పొద్దున్నే బయల్దేరి వస్తారు, టిఫిన్ చాలదు, భోజనానికి వేళ కాదు, ఏం పెట్టాలో తనకు తోచడం లేదన్నది.

"షిఫ్ట్ పెడదాం," అన్నాడు నెల్సన్.

మోనికా అతన్ని చూసింది. ఈసారి కూడా నవ్వలేదు. వాళ్ల నాన్న రాత్రి డ్యూటీ దిగిన ఆదివారాల్లో ఇద్దర్నీ సండే స్కూల్ నుంచి నేరుగా గంగులమ్మ దగ్గరికి తీసుకుపోయేవాడు. ఒక షిఫ్ట్ చెప్పి ముగ్గురూ తినేవారు. గుడ్డు మాత్రం ఒకటే కాబట్టి ప్రతిసారీ తగవే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"కాఫీ వేడిగా ఉండాల," అన్నది మోనికా లేస్తూ. జూలియా డ్యూటీ నుంచి వచ్చే వేళైందని చెప్పి, తన నంబరు కౌంటర్ దగ్గర రక్షిత చేత అతని ఫోన్లో ఎక్కించి, అద్దాల తలుపు తోసుకుని వెళ్లిపోయింది. రేపు ఇంటికి రా అని అనలేదు. రావద్దనీ అనలేదు.

అప్పుడు మార్గరెట్ ఫోన్ చేసింది. చర్చి అయిపోయింది, ఇద్దరి నుంచీ ఇన్ని మిస్డ్ కాల్స్ ఏమిటి, తిన్నారా, ఏం తేలింది అని ఆత్రంగా అడిగింది. తిన్నామన్నాడు నెల్సన్. కోటు సంగతి అడిగింది. విప్పిన కుట్టు మళ్లీ వేసెయ్యమన్నాడు. వచ్చినాక చెప్తాను అని పెట్టేశాడు.

మూర్తి వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. జరిగింది కూతురు చెప్పినట్టుంది. పోస్టర్ వాళ్లను ఏమీ అనలేమని, రేపే మనిషిని పంపి షట్టర్ మీద మళ్లీ రాయిస్తానని, ఈసారి పైన రాయిస్తానని అన్నాడు. నెల్సన్ వచ్చే నెల రెండో శనివారం, జూలియా పెళ్లినాడు, ఖాళీయేనా అని అడిగాడు. చర్చి పేరు చెప్పాడు. ఏ వీధి, ఏ గేటు, గేటుకు ఎదురుగా ఏముంటుంది, అన్నీ చెప్పి తిరిగి మూర్తి చేత చెప్పించుకున్నాడు.

"బ్రంచ్ ఆర్డరా అన్నా?" అన్నాడు మూర్తి.

"షిఫ్ట్."

"ఎందరికి?"

మోనికా పిలిచింది మూడు వందల యాభై మందిని. నెల్సన్ నాలుగు వందలకు చెప్పాడు.